అచ్చు తేదీ చూసి చరిత్ర చెబితే ఎలా?

సంపాదకులకు,

గత ఆదివారం మీ సాహిత్య పుటలో వచ్చిన వ్యాసంలో, ఆధునిక బ్రిటిష్ నవలాకారులు నేటి లైంగిక ధోరణులను పాత కాలానికి అంటగట్టి చరిత్రను వక్రీకరిస్తున్నారని వ్యాసకర్త వాపోయారు. నాలుగు రోజులు ఊరుకున్నాను గాని, ఆంగ్ల రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ నవల ‘మారిస్’ 1971లో అచ్చయిందని దాన్ని సైతం ఆనాటి ఫ్యాషన్‌గా లెక్కగట్టడం చూశాక, ముప్పయ్యేళ్లు ఆంగ్ల సాహిత్యం బోధించినవాడిగా రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆ నవల రాసింది 1913-14లో. ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ సుఖాంతం కావలసిందేనని రచయిత పట్టుబట్టడం వల్లనే అది 1970లో ఆయన పోయేదాకా అచ్చుకు నోచుకోలేదు. కథ ఏ ఉరితాడుతోనో ముగిసి ఉంటే ఇబ్బందే ఉండేది కాదని ఆయనే మలిపలుకులో చురక వేశారు. ఆ భయం వట్టిదీ కాదు. 1928లో స్త్రీల ప్రేమ గురించి రాడ్‌క్లిఫ్ హాల్ రాసిన నవల ‘ది వెల్ ఆఫ్ లోన్లీనెస్’ ప్రతులను నాశనం చేయమన్న లండన్ మేజిస్ట్రేటు, సాక్ష్యం చెప్పడానికి వచ్చిన రచయితల మాట విననైనా లేదు.

అలా సొరుగుల్లోకీ కోర్టు కాగితాల్లోకీ తోసేసిన బతుకులను తరవాతివాళ్లు వెలికి తీస్తే అది వక్రీకరణా? అలన్ హాలింగ్‌హర్స్ట్ 1988 నాటి నవల ‘ది స్విమ్మింగ్ పూల్ లైబ్రరీ’లో, ఒక ముసలి ప్రభువు డైరీలు చదువుతున్న విలాస పురుషుడికి, 1950లలో ఆ ప్రభువులాంటి స్వలింగ ప్రేమికులను జైళ్లకు పంపించిన పెద్దమనిషి తన తాతగారేనని తెలుస్తుంది. చరిత్రను ఇంతకన్నా నిలదీసి అడగడం ఎలాగో వ్యాసకర్తే సెలవివ్వాలి. సారా వాటర్స్ విక్టోరియా కాలపు నాటకశాలల్లో స్త్రీల ప్రేమలను కొంత కల్పించే రాశారు, నిజమే. నవలాకారులు కల్పించక పన్ను రసీదులు రాస్తారా?

ఏలినవారి సంగతి ఎక్కడైనా ఒకటే. హాలింగ్‌హర్స్ట్ నవల వచ్చిన ఏడాదే, స్వలింగ ప్రేమను ప్రోత్సహించరాదని స్థానిక సంస్థలను కట్టడి చేస్తూ అక్కడ 28వ సెక్షన్ తెచ్చారు. ఇంగ్లండులో అది 2003 దాకా నడిచింది. స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూస్తూ వాళ్లు 1860లో మన నెత్తిన పెట్టిన 377వ సెక్షన్‌నైతే, 1967లో ఇంగ్లండు, వేల్స్‌లలో తమ చట్టాన్ని సడలించుకున్న తరవాత కూడా, మనం 2018 దాకా భద్రంగా మోశాం. ఇక మా ఊరి గ్రంథాలయంలో ఈ నవలలు అడిగితే పోటీ పరీక్షల గైడ్లు చేతికిస్తారు. అందుకే కాబోలు, చదవకుండా తీర్పులిచ్చే విమర్శకులకు కొదవ లేదు.

‘మారిస్’ విషయంలోనైనా వచ్చే ఆదివారం సవరణ వేయగలరు. సాహిత్య పుటలో సగం మింగేస్తున్న నగల దుకాణం ప్రకటన కింద కాకుండా, కంటికి ఆనే చోట.

— ఒక విశ్రాంత ఆంగ్లోపన్యాసకుడు,
రాజమహేంద్రవరం