మదింపు చేసేవారిని ఎంచుకునేది ఎవరు?

సంపాదకులకు,

పరిశ్రమలు, గనులు, విద్యుత్ కేంద్రాల పర్యావరణ ప్రభావాన్ని సంస్థలోని నిపుణులే మదింపు చేయాలా, బయటివారికి అప్పగించాలా అన్న ప్రశ్న తలెత్తినప్పుడల్లా, బయటివారైతే నిష్పక్షపాతంగా ఉంటారన్న మాటతో చర్చ ముగిసిపోతోంది. నిజానికి 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్‌ను అనుసరించి నడుస్తున్న మన విధానంలో నివేదిక రాసేది గుర్తింపు పొందిన బయటి కన్సల్టెన్సీయే. అయితే దాన్ని ఎంచుకునేదీ, ఫీజు చెల్లించేదీ అనుమతి కోరుతున్న కంపెనీ కావడంతో, పేరుకు బయటివారైనా వారు జవాబుదారీగా ఉండేది ఆ కంపెనీకే.

మన శ్రీకాకుళం జిల్లాలోని సోంపేట సంగతి తెలిసినదే. బీల (అక్కడి చిత్తడి నేల) నీటితో, చేపలతో, పంటలతో బతుకుతున్న నేల అని అక్కడి రైతులు, మత్స్యకారులు చెబుతూ వచ్చినా, థర్మల్ విద్యుత్ కేంద్రానికి పర్యావరణ అనుమతి లభించింది. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది 2010 జులై 14న. నిరసనకారులపై పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయిందీ ఆ రోజే.

ఈ లోపాన్ని సరిదిద్దే మార్గం లేకపోలేదు. గుజరాత్‌లో కాలుష్య నియంత్రణ మండలితో కలిసి ఎస్తేర్ డుఫ్లో తదితర ఆర్థికవేత్తలు 2009-11 మధ్య ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఫ్యాక్టరీలకు, కాలుష్యాన్ని కొలిచి నివేదించే ఆడిటర్లను లాటరీ పద్ధతిలో కేటాయించి, ఉమ్మడి నిధి నుంచి స్థిరమైన ఫీజు ఇచ్చి, వారి కొలతల్లో కొన్నింటిని మరొకరితో మళ్లీ సరిచూయించారు. కాలుష్యం పరిమితికి లోబడే ఉందని తప్పుగా రాయడం సుమారు 80 శాతం తగ్గింది. ఆ ఫ్యాక్టరీలు వదిలే కాలుష్యమూ తగ్గింది. ఆడిటర్లు అంతకుముందూ బయటివారే కదా! మారింది నియామకం, చెల్లింపు, తనిఖీ మాత్రమే.

2025 పర్యావరణ ఆడిట్ నిబంధనల్లో ఆడిటర్లను యాదృచ్ఛికంగా కేటాయించే పద్ధతికి కేంద్రం చోటిచ్చింది. అనుమతికి ముందు రాసే ప్రభావ నివేదికకూ దీన్ని వర్తింపజేయాలి. కంపెనీ సొంత ఇంజినీర్లను పక్కన పెట్టమని నేను అనడం లేదు. యంత్రాల తీరు, వ్యర్థజలాల లెక్క వారికే బాగా తెలుసు కనుక సమాచారం వారే ఇవ్వాలి, నిర్ధారణపై సంతకం మాత్రం వారిదీ, వారు కుదుర్చుకున్నవారిదీ కాకూడదు. సాధారణంగా వానాకాలం కాని ఒక రుతువు కొలతలతో సరిపెట్టుకునే అలవాటునూ, కనీసం చిత్తడి నేలల విషయంలోనైనా, మానుకోవాలి.

— ఒక పాఠకుడు, శ్రీకాకుళం