జౌగడ రాతి మీద లేని మాట

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరే సూరీ,

ఎలాగున్నావు? అమ్మకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఫోన్‌లో చెబితే తేలిపోయే సంగతి కాదని కాయితం తీశాను.

పోయిన వారం ఆమదాలవలసలో రైలెక్కి ఒడిశాలో బరంపురం వెళ్లొచ్చాను. అక్కణ్ణుంచి పురుషోత్తంపూర్, ఆపైన జౌగడ. ఋషికుల్య నది దగ్గర, పాత మట్టికోట గోడల మధ్య ఓ రాతిగుట్ట. దాని మీద అశోకుడి శాసనాలు, మూడు పలకల్లా విడివిడిగా చెక్కి ఉన్నాయిరా. పైన కప్పు వేశారు. కొంత రాయి పెచ్చులూడి అక్షరాలు పోయాయి. ఉన్నంతలో ఒక్కో అక్షరం, ఆ కాలపు బ్రాహ్మీ లిపి, ఎంత పొందిగ్గా ఉందో! రెండు వేల రెండు వందల ఏళ్లు దాటిన గీత అది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నీకు ముఖలింగం గుర్తుందా? మధుకేశ్వరుడి గుడి గోడల మీద అక్షరాల్ని వేలితో దిద్దుకుంటూ తిరిగేవాళ్లం. అవి కళింగాన్నేలిన గాంగ రాజుల కాలంవి, ఎక్కువగా అఖండ దీపాలకి ఇచ్చిన దానాలు. వాటిలో ఊరి బతుకు కనిపిస్తుంది. జౌగడ రాయి అలా కాదు, గెలిచిన రాజు ఓడిన దేశంతో మాట్లాడుతున్నాడు.

అసలు సంగతి ఇక్కడుంది. అశోకుడి పెద్ద శాసనాలు పద్నాలుగు. పదమూడో దాంట్లోనే కళింగ యుద్ధం ఉంది: లక్ష మంది హతులు, లక్షా యాభై వేల మంది తరలింపు, ఆపైన రాజు పశ్చాత్తాపం. గుజరాత్‌లో గిర్నార్‌లో ఉంది. మన కర్నూలు వైపు ఎర్రగుడిలోనూ ఉంది. జౌగడలో లేదు! భువనేశ్వర్ దగ్గర ధౌళి రాతి మీదా లేదు. పదకొండు, పన్నెండు, పదమూడు తీసేసి, వాటి బదులు వేరే రెండు శాసనాలు చెక్కించాడు. నెత్తురు ఎక్కడ పారిందో అక్కడే ఆ మాట లేదురా.

మానిన పుండు రేపడమెందుకని వదిలేశాడేమో అని మొదట అనుకున్నాను. తిరుగు రైల్లో ఆలోచిస్తే మనసొప్పలేదు. తప్పయిందని ఊరందరికీ చెప్పి, కొడుకుని పోగొట్టుకున్న ఇంటి గుమ్మం మాత్రం తొక్కకపోతే ఎలా? ఆ రోజుల్లో మన వంశధార ఒడ్డూ కళింగమే కదా. అది మన గుమ్మమే.

అలాగని బదులు చెక్కించిన మాటలు తక్కువవి కావు. మనుషులందరూ నా బిడ్డలే అన్నాడు. కారణం లేకుండా ఎవర్నీ చెరలో పెట్టొద్దు, హింసించొద్దు అని అక్కడి అధికారుల్ని గట్టిగా హెచ్చరించాడు. పుష్యమి నక్షత్రం వచ్చిన ప్రతిసారీ దీన్ని చదివి వినిపించమన్నాడు. వినేవాడు ఒక్కడే ఉన్నా సరే చదవమన్నాడు! ఆ ఒక్కడెవరో అని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. తండ్రి యుద్ధంలో పోయిన గుంటడెవడైనా అయ్యుంటాడా? బిడ్డల్లాంటివాళ్లు అన్న మాట విన్నప్పుడు వాడికేమనిపించి ఉంటుంది?

సంక్రాంతికి వస్తున్నావు కదా, నాలుగు రోజులు ఎక్కువ సెలవు పెట్టు. ముందు ముఖలింగం వెళ్దాం. అక్కణ్ణుంచి ఎర్రగుడి. గుత్తిలో దిగితే దగ్గరేనట. ఇక్కడ చెక్కించని ఆ పదమూడోది నువ్వూ నేనూ దాని ముందే నిలబడి చదవాలి. అర్థం రాసుకున్న కాయితం నేను తెస్తాను.

నీ,
రాజు