లక్షన్నర లాప్‌టాప్‌కి ర్యామ్ వేయించుకునే దారే లేదా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ‘ప్రొఫెషనల్’ అని పేరు పెట్టి లక్షన్నరకీ రెండు లక్షలకీ అమ్ముతున్న లాప్‌టాప్‌లలో, కొన్నాక మనం మార్చుకోగలిగేది ఏడాదికేడాదికీ తగ్గిపోతోంది. తెరిచిన పనులన్నీ మోసే మెమరీ, అదే ర్యామ్, పెంచుకోలేం, కొన్నింట్లో ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ కూడా మార్చుకోలేం, బ్యాటరీ జిగురుతో అతికించి ఉంటుంది, మామూలు పెన్‌డ్రైవ్ పెట్టుకోవడానికి చోటుండదు. ఇష్టమైతే కొనుక్కో లేకపోతే మానెయ్ అని వదిలేసే సంగతి కాదిది, ప్రభుత్వం కల్పించుకోవాల్సిన సంగతి. అందుకే మీ పత్రికకు రాస్తున్నాను.

నేను బెంగళూరు మారతహళ్లిలో, కట్టడాలకు పునాదులు, పిల్లర్లు డిజైన్ చేసే ఒక చిన్న స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలో పనిచేస్తాను. హోస్కోటె వైపు సైట్లు, వైట్‌ఫీల్డ్‌లో అపార్ట్‌మెంట్లు, మధ్యలో హిందూపురం, మదనపల్లె నుంచి వచ్చే ఇళ్ల ప్లాన్లు, ఇదీ మా పని. ఒక మోడల్ తెరిచి, పక్కన ఆర్కిటెక్ట్ పంపిన డ్రాయింగులు పెట్టుకుని, ఇంకో పక్క వీడియో కాల్‌లో క్లయింటుతో మాట్లాడుతుంటే 16 జీబీ ర్యామ్ ఎప్పుడో నిండిపోతుంది. కొన్నప్పుడు అది చాలానే ఎక్కువ, కానీ సాఫ్ట్‌వేర్లు ప్రతి వెర్షన్‌కీ బరువెక్కుతూ వచ్చాయి. ఇంకో 16 వేయిద్దామని సర్వీస్ సెంటర్‌కి వెళ్తే ర్యామ్ విడిగా ఉండదు, మదర్‌బోర్డే మార్చాలి అన్నారు, చెప్పిన ధర కొత్త లాప్‌టాప్ ధరలో దాదాపు సగం. అక్కడి నుంచి ఎస్పీ రోడ్‌కి వెళ్లాను. బెంగళూరులో కంప్యూటర్ బాగుచేయించుకునే ఎవరికైనా ఆ రోడ్డు తెలిసిందే, బయట దొరకని పార్టు కూడా అక్కడ దొరుకుతుందని మా అందరి నమ్మకం. షాపతను అడుగున స్క్రూలు విప్పి మూత తీసి చూసి, “ఆన్‌బోర్డ్ ర్యామ్ సార్, ఏం చేయలేం” అని మళ్లీ బిగించి ఇచ్చేశాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. చెయ్యి తిరిగిన మెకానిక్, చేద్దామన్నా చేయడానికి అందులో ఏమీ మిగల్చలేదు.

కంపెనీలు చెప్పే కారణం పూర్తిగా అబద్ధం కాదు. ఇప్పటి సన్నటి లాప్‌టాప్‌లలో వాడే ఎల్‌పీడీడీఆర్ రకం మెమరీ కరెంటు తక్కువ తింటుంది, వేగం ఎక్కువ, ప్రాసెసర్‌కి ఎంత దగ్గరగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది కాబట్టి బోర్డుకే సోల్డర్ చేస్తారు. ఇంటెల్ 2024లో తెచ్చిన లూనార్ లేక్ చిప్పుల్లో అయితే మెమరీని ప్రాసెసర్ ప్యాకేజీలోనే పెట్టేశారు, 16 లేదా 32 జీబీ, అంతకుమించి లేదు. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఇదే ఎల్‌పీడీడీఆర్ మెమరీని స్క్రూలతో బిగించి, కావాలంటే విప్పి మార్చుకునేలా చేసే ఎల్‌పీక్యామ్2 అనే పద్ధతి వచ్చేసింది, 2024లోనే లెనోవో థింక్‌ప్యాడ్ పీ1 ఏడో తరంలో దాన్ని వాడింది. అదే ఏడాది థింక్‌ప్యాడ్ టీ14 ఐదో తరంలో ర్యామ్ తీసి పెట్టుకునే స్లాట్లు రెండు పెట్టారు, బ్యాటరీ సులువుగా తీసేలా చేశారు, రిపేరు సంగతులు చూసే ఐఫిక్సిట్ వాళ్లు దానికి పదికి తొమ్మిది ఇచ్చారు. అంటే చేయాలనుకుంటే చేయగలరు. ఆ టీ వరసలోనే 2018 నాటి టీ480కి బయట బ్యాటరీ లాగేసి ఇంకోటి తగిలించుకోవచ్చు, లోపల మరో బ్యాటరీ ఉంటుంది కాబట్టి లాప్‌టాప్ ఆపాల్సిన పని కూడా లేదు. ఆ మోడల్‌ని ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో పేరు పెట్టి అడిగి మరీ కొనుక్కునేవాళ్లున్నారు.

మరి అందరూ ఎందుకు చేయరు అంటే, నాకు కనిపించేది డబ్బు లెక్క. 2023లో యాపిల్ మ్యాక్‌బుక్ ప్రో 14 అంగుళాల ఎం3 మోడల్ మన దేశంలో రూ.1,69,900కి మొదలైంది, ఆ ధరకి ఇచ్చింది 8 జీబీ మెమరీ. ఇంకో 8 కావాలంటే మరో 20 వేలు, అదీ కొనేటప్పుడే కట్టాలి, తర్వాత కుదరదు. మరుసటి ఏడాది వాళ్లే 16తో మొదలుపెట్టారు, అప్పటికే 8 కొన్నవాళ్లకు మాత్రం చేయగలిగిందేమీ లేదు. ఒక్క కంపెనీ అనే కాదు, స్లాట్ లేకపోతే ఎవరైనా చెప్పిందే ధర, బయట షాపులో పోల్చి చూసుకుని కొనుక్కునే వీలే ఉండదు. పైగా ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగబడి కొంటుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఇలాంటప్పుడే కదా స్లాట్ విలువ తెలిసేది! ఇప్పుడు 16తో సర్దుకుని, ధర దిగాక ఇంకో 16 వేయించుకుందాం అనుకునే అవకాశం మామూలు మనిషికి ఉండాలి. లేదు.

మా పనిలో ఒక అలవాటుంది. క్లయింటు దగ్గర ఒక అంతస్తుకే డబ్బుంటే, ముందు ముందు పైన కట్టుకుంటాం అంటే, పునాది ఆ మేరకు డిజైన్ చేసి స్లాబ్ మీద పిల్లర్ కమ్ములు పైకి వదిలిపెడతాం. మన ఊళ్లలో ఏ డాబా మీద చూసినా అవే. లాప్‌టాప్‌లో ఒక ఖాళీ స్లాట్ అంటే ఆ కమ్ములే, ఇప్పుడు స్తోమత ఇంతే, రేపు చూద్దాం అనుకునేవాళ్ల కోసం. దాన్ని తీసేసి సన్నగా ఉంది చూడండి, తేలిగ్గా ఉంది చూడండి అంటున్నారు.

పోర్టుల సంగతి ఇంకా విసుగు పుట్టిస్తుంది. 2016లో యాపిల్ మ్యాక్‌బుక్ ప్రో నుంచి టీవీకీ ప్రొజెక్టర్‌కీ కలిపే హెచ్‌డీఎంఐ, ఎస్‌డీ కార్డ్ స్లాట్ అన్నీ తీసేసి, హెడ్‌ఫోన్ జాక్ కాక యూఎస్‌బీ-సీ పోర్టులు మాత్రమే ఉంచింది, చాలా మోడళ్లలో పైన ఫంక్షన్ కీలు తీసేసి టచ్ బార్ అనే సన్నటి టచ్ స్క్రీన్ పట్టీ పెట్టింది. కింద పెట్టిన బటర్‌ఫ్లై కీబోర్డులో చిన్న నలుసు పడినా అక్షరం పడకపోవడమో రెండుసార్లు పడటమో జరిగేది, దాన్ని మార్చాలంటే బ్యాటరీతో సహా పైభాగం మొత్తం మార్చాలి. 2022లో అమెరికాలో ఆ కీబోర్డుల మీద కొన్నవాళ్లు వేసిన కేసు తేల్చుకోవడానికి 5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 2021లో వచ్చిన 14, 16 అంగుళాల మోడళ్లలో హెచ్‌డీఎంఐ, కార్డ్ స్లాట్ తిరిగొచ్చాయి, టచ్ బార్ పోయింది. ఐదేళ్లు! ఇంత జరిగాక కూడా 2022లో డెల్ ఎక్స్‌పీఎస్ 13 ప్లస్‌లో హెడ్‌ఫోన్ జాక్ కూడా తీసేసి, ఫంక్షన్ కీల చోట వేలికి తగలని టచ్ వరస పెట్టారు. ఎవరడిగారు? మా సర్వేయర్ స్థలం కొలిచే టోటల్ స్టేషన్ పరికరం డేటాని పాత పెన్‌డ్రైవ్‌లోనే తెచ్చిస్తాడు, క్లయింటు ఆఫీసులో ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ కేబులే ఉంటుంది. ఈ పాత పోర్టులన్నీ ఉండే హబ్ మర్చిపోయి వెళ్తే ఆ రోజు మీటింగు టెన్షన్‌తోనే మొదలవుతుంది. అంత ఖరీదైన లాప్‌టాప్‌కి తోడుగా ఇంకో మూడు నాలుగు వేలు పెట్టి హబ్ కొని, అది వేడెక్కుతుంటే చూస్తూ కూర్చోవాలి. 2024 నుంచి చాలా మోడళ్లలో కుడివైపు కంట్రోల్ కీ పోయి, మైక్రోసాఫ్ట్ ఏఐ సహాయకుడిని తెరిచే కోపైలట్ కీ వచ్చింది. యారో కీలు సగానికి కోసినట్టుంటాయి. రోజంతా కీబోర్డ్ మీద బతికేవాళ్లని ఒక్కసారి అడిగి ఉంటే ఇలా చేసేవాళ్లు కాదు.

మాలాంటివాళ్లం ఎలాగోలా ఈఎంఐ కట్టుకుని లాగిస్తాం. నాకు ఎక్కువ బాధగా ఉండేది పిల్లల విషయం. కడప, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఇక్కడికి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చే పిల్లలకు ఇంట్లోవాళ్లు అప్పు చేసి లాప్‌టాప్ కొనిస్తారు, నాలుగేళ్లూ అదే నడవాలి. షోరూమ్‌లో రంగు, బరువు, డిస్‌ప్లే చూపిస్తారు, ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా అని అడిగితే అమ్మేవాళ్లకే చాలాసార్లు తెలియదు. మూడో ఏడాదికి ఒక కంప్యూటర్‌లోనే ఇంకో కంప్యూటర్‌ని నడిపే వర్చువల్ మెషిన్లు, ప్రాజెక్టులు మొదలయ్యేసరికి మెషిన్ నత్తనడక నడుస్తుంది, అప్పుడు ఆ తండ్రి మళ్లీ ఎక్కడ తేవాలి?

ప్రభుత్వం అసలేమీ చేయడం లేదని అనను. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రిపేరు వివరాలు ఒకచోట చూపే రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది. రిపేర్ ఎంత సులువో కొనేవాళ్లకు ముందే తెలిపే సూచీ కోసం వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. కానీ ఆ నివేదిక ప్రధానంగా చూసింది ఫోన్లు, ట్యాబ్లెట్లు. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచే లాప్‌టాప్‌ల మీద కూడా పదికి ఇన్ని మార్కులు అని రాసి అమ్ముతున్నారు. యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల బ్యాటరీలు, కొన్ని మినహాయింపులు తప్ప, వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలన్న నిబంధన వస్తోంది. అదే కంపెనీలు అక్కడ ఆ నియమాలకు లోబడి అమ్ముతాయి, ఇక్కడ మాత్రం మనం మూత తీశాక తెలుసుకోవాలి.

నేనడిగేది పెద్ద కోరికేమీ కాదు. సన్నటి లాప్‌టాప్‌లు అమ్మొద్దని అనడం లేదు, కావలసినవాళ్లు కొనుక్కుంటారు. లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారం పెట్టె మీద ఎమ్మార్పీ, తయారైన దేశం ఎలా రాస్తున్నారో, ర్యామ్ మార్చుకోవచ్చా లేదా, ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చా లేదా, బ్యాటరీ ఎన్నేళ్లు దొరుకుతుంది అన్నవి కూడా కనిపించేలా రాయించాలి. ఆన్‌లైన్‌లో అమ్మేచోట ధర పక్కనే రాయించాలి, పదో పేజీలో స్పెసిఫికేషన్ల మధ్య కాదు. ఫ్రిజ్ మీదా ఏసీ మీదా స్టార్లు చూసి కొనడం మనకు అలవాటైంది కదా, ఇదీ అవుతుంది. సూచీ అమల్లోకి తెచ్చేటప్పుడు ఫోన్లతో పాటు లాప్‌టాప్‌లనీ అందులో చేర్చాలి. స్క్రీన్, కీబోర్డ్, బ్యాటరీ లాంటి పార్టులు కంపెనీ సర్వీస్ సెంటర్లకే కాకుండా ఎస్పీ రోడ్‌లోని షాపులకీ సరైన ధరకి అమ్మాలి.

ఇంకొకటి, దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. ప్రభుత్వ ఆఫీసులు, యూనివర్సిటీలు ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైట్ అయిన జెమ్ పోర్టల్ ద్వారా లాప్‌టాప్‌లు పెద్ద సంఖ్యలో కొంటాయి. కనీసం ఒక ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉండాలి, బ్యాటరీ స్క్రూలతో బిగించి ఉండాలి అని టెండర్లో ఒక్క వాక్యం పెడితే చాలు, కంపెనీలు అలాంటి మోడళ్లు తెచ్చి వరసలో నిలబడతాయి. బెంగళూరులోని ఐటీ కంపెనీల్లో కొనుగోళ్లు చూసే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లూ వచ్చే ఆర్డర్లో ఈ షరతు పెట్టించే ప్రయత్నం చేయాలని కోరుతున్నాను. మీ పత్రిక ఈ విషయం మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖను అడిగి, లాప్‌టాప్‌లను సూచీలో ఎప్పుడు చేరుస్తారో వాళ్ల జవాబు ప్రచురిస్తే మాలాంటి పాఠకులకు ఎంతో మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్,
మారతహళ్లి, బెంగళూరు