క్రిస్మస్ సందేశం పశువుల తొట్టి దగ్గరే ఆగిపోకూడదు

సంపాదకులకు నమస్కారం.

డిసెంబరు వచ్చిందంటే గుంటూరు, విజయవాడల్లో వీధివీధినా సెమీ క్రిస్మస్ సభలే. వాటిలో తరచూ వినిపించే మాట 'దేవుడు మనిషి రూపంలో వచ్చాడు' అని. ఆ మాట దగ్గరే ఆపేస్తే, కొంతకాలం వేషం కట్టి తీసేసిన దేవుడే వినేవాళ్లకు గుర్తుండిపోతాడు. సంఘం నమ్మేది అంతకంటే ఎంతో లోతైన సంగతి. దేవుని కుమారుడు మన ఒళ్లు, మన మనసు, మన ఆకలి, చివరికి మన చావు కూడా తనవి చేసుకున్నాడు.

లూకా 2వ అధ్యాయాన్ని చాలాచోట్ల గొల్లలు తిరిగి వెళ్లే 20వ వచనంతో ముగించేస్తారు. ఆ తర్వాత ఉన్నది చదవండి. 8వ రోజున సున్నతి. శుద్ధి దినాలు గడిచాక యెరూషలేము దేవాలయంలో బలి. లేవీయకాండం 12వ అధ్యాయం ప్రకారం బాలింత ఏడాది గొర్రెపిల్లను, దాంతోపాటు ఒక పావురపు పిల్లనో గువ్వనో తేవాలి. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేనివాళ్లు రెండు గువ్వలనో రెండు పావురపు పిల్లలనో తెస్తే చాలు. మరియ, యోసేపుల బలిగా లూకా చెప్పేది ఈ పేదల బలినే. సర్వలోకాన్నీ సృష్టించినవాడు గొర్రెపిల్ల కొనలేని ఇంట్లో పెరిగాడు! అదే అధ్యాయం 52వ వచనం ఆయన వయసులోనే కాదు, జ్ఞానంలోనూ ఎదిగాడంటుంది. సండే స్కూల్లో ఈ వచనం పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది. ఇబ్బంది పడేది పెద్దవాళ్లే.

ఎందుకంటే, యేసు సమరయలో బావి దగ్గర అలసి కూర్చున్నాడనీ (యోహాను 4:6), దోనెలో తలగడ మీద నిద్రపోయాడనీ (మార్కు 4:38), లోకాంతపు దినం ఎప్పుడో కుమారుడికీ తెలియదన్నాడనీ (మార్కు 13:32) చదివినప్పుడు, ఆయన దైవత్వానికి ఎక్కడ లోటు వస్తుందోనని బోధకుడికి భయం. ఆ భయం భక్తితో పుట్టిందే. దాంతో 'అలసింది పైనున్న శరీరమే, లోపలున్న దేవుడు కాదు' అని సర్దిచెబుతారు. 4వ శతాబ్దంలో అపొల్లినారిస్ అనే బిషప్పు ఇంచుమించు ఇదే బోధించాడు. క్రీస్తుకు మానవ శరీరం ఉంది గానీ, మానవ మనసు ఉండాల్సిన చోట దైవ వాక్యమే (అంటే దేవుని కుమారుడే) ఉందన్నాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ బిషప్పుల మహాసభ ఆ బోధను తోసిపుచ్చింది. అదే కాలపు బిషప్పు నజియాంజస్ గ్రెగొరీ ఆ బోధకిచ్చిన జవాబు సూటిగా ఉంటుంది: క్రీస్తు ఏది స్వీకరించలేదో అది స్వస్థపడలేదు. అసూయ, పగ, దురాశ పుట్టేది మనసులోనే కదా. దాన్ని వదిలేసి శరీరాన్ని మాత్రమే తీసుకుని ఉంటే మన జబ్బు అసలు చోట అలాగే మిగిలిపోయేది.

ఇంకోవైపు జారేవాళ్లూ ఉన్నారు. ఫిలిప్పీ 2వ అధ్యాయంలో 'తన్ను తానే రిక్తునిగా (ఖాళీగా) చేసికొనెను' అన్నచోట, దైవత్వాన్ని పరలోకంలో వదిలేసి వచ్చాడని చెబుతారు. దాసుని స్వరూపం ధరించడం, సిలువ మరణం దాకా లోబడడం, ఆ రిక్తత అంటే ఇదేనని ఆ వచనాలే చెబుతున్నాయి. కుమారుడు సృష్టించబడినవాడన్న ఆరియస్ అనే బోధకుడి మాటను కాదని, ఆయన తండ్రితో ఏకస్వభావం గలవాడని 325లో నైసియా మహాసభ ప్రకటించింది. 2025తో దానికి 1700 ఏళ్లు నిండాయి. 451లో కాల్సెదోను మహాసభ రెండు వైపులకూ గట్లు వేసింది: ఒకే వ్యక్తి, రెండు స్వభావాలు; అవి కలగాపులగం కావు, మారిపోవు, విడదీయబడవు, వేరుపడవు. కాబట్టి బావి దగ్గర అలసినవాడు సాక్షాత్తూ దేవుని కుమారుడే అని సందేహం లేకుండా చెప్పవచ్చు.

పాస్టర్లకు, సండే స్కూలు టీచర్లకు మా మనవి ఒక్కటే. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను వాడుకోండి. మొదటి వారం యోహాను 1:1-18, రెండో వారం లూకా 2:21-52, మూడో వారం హెబ్రీ 2, 4 అధ్యాయాలు, నాలుగో వారం ఫిలిప్పీ 2:5-11. వాక్యం చదివాక రెండు ప్రశ్నలు అడగండి: ఇక్కడ యేసు దేవుడని ఏది చూపిస్తోంది? మనిషని ఏది చూపిస్తోంది? రెండో ప్రశ్నకు ఎక్కువ సమయం ఇవ్వండి, మన సంఘాల్లో కరువైంది అదే.

చాలామంది మరిచేది మరొకటి ఉంది. పునరుత్థానం తర్వాత ఆయన శిష్యుల ఎదుట కాల్చిన చేప ముక్క తిన్నాడు (లూకా 24:42-43). పరలోకానికి ఆరోహణమైనప్పుడు మానవత్వాన్ని ఇక్కడ విడిచిపెట్టి వెళ్లలేదు. మధ్యవర్తి 'క్రీస్తుయేసను నరుడు' అని 1 తిమోతి 2:5 అంటున్నది ఆ తర్వాతే. ఆసుపత్రి మంచం దగ్గర, చావు జరిగిన ఇంట్లో పనికొచ్చే బోధ ఇది. మీ పత్రిక క్రిస్మస్ ప్రత్యేక పేజీలో నక్షత్రం, జ్ఞానుల కథతో పాటు ఈ విషయానికీ ఒక కాలమ్ కేటాయించాలని కోరుతున్నాం.

- కొందరు సండే స్కూలు ఉపాధ్యాయులు, గుంటూరు