1942 ఏప్రిల్ 6 ఏమైంది సార్?

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత నెల ఒకదాన్ని తీసుకుని ఆ నెలలో ప్రపంచంలో ఏమేం జరిగాయో, ఎవరెవరు పుట్టారో మీ పేపర్లో వేస్తుంటారు కదా, మొన్న అందులో యుద్ధకాలం నుంచి 1942 ఏప్రిల్ వేశారు. 5న కొలంబో మీద జపాన్ దాడి, 9న ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో అమెరికా సేనలు లొంగిపోవడం, 15న మాల్టా దీవి మొత్తానికి కలిపి జార్జ్ క్రాస్ అనే ఇంగ్లీషు వాళ్ళ శౌర్య పతకం ఇవ్వడం, 18న డూలిటిల్ అనే అమెరికా ఆయన 16 విమానాలతో వెళ్ళి టోక్యో మీదా ఇంకొన్ని ఊళ్ళ మీదా బాంబులేసి రావడం, అన్నీ ఉన్నాయి. తేదీలన్నీ కరెక్టే. కానీ 5 అయ్యాక తిన్నగా 9కి దూకేశారు. తెలుగు పేపర్ అన్నాక ఆ నెల మొత్తానికి ఒక్క తేదీయే వేయాల్సి వచ్చినా, వేయాల్సింది 6వ తేదీ.

ఆ రోజు సోమవారం. జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ యుద్ధంలో మన దేశపు ప్రధాన భూభాగం మీద పడిన మొదటి బాంబులు అవే. కలకత్తా మీద పడింది ఆ ఏడాది డిసెంబరులో. అంటే ఢిల్లీ, బొంబాయి, కలకత్తా ఎవరూ చూడకముందే యుద్ధాన్ని చూసింది మన తెలుగు తీరం. విశాఖలో వాళ్ళు గురిపెట్టింది హార్బరుకి. పక్కనే సింధియా వాళ్ళ ఓడల కర్మాగారం, దానికి రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అక్కడ కట్టిన మొదటి ఓడ జల ఉష, స్వాతంత్ర్యం వచ్చాక 1948లో నెహ్రూ వచ్చి నీళ్ళలోకి దింపితే గానీ దిగలేదు. ఆనాటి జపాన్ బాంబు ఒకటి బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంలో పెట్టి ఉంది, చూడని వాళ్ళు ఈసారి అటు వెళ్ళినప్పుడు చూడండి.

విశాఖ, కాకినాడ ఎక్కడ, నెల్లూరు ఎక్కడ, నీకెందుకయ్యా అంటారేమో. అందుకే ఈ ఉత్తరం. ఆ నెల మన జిల్లాల మీదుగా కూడా వెళ్ళింది, బాంబు పడలేదు కాబట్టి ఎవరూ రాయలేదు.

ముందు అప్పటి పరిస్థితి ఎలా ఉందో చూడండి. ఫిబ్రవరి 15న సింగపూర్ పోయింది. మార్చి 8న రంగూన్ పోయింది. మార్చి 23న జపాన్ వాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో దిగారు. మన మైపాడు దగ్గరో, కొత్తపట్నం దగ్గరో ఒడ్డున నిలబడితే ఎదురుగా ఉన్నది సముద్రం, ఆ సముద్రానికి అవతలి గట్టు అండమాన్, అక్కడ శత్రువు. మధ్యలో అడ్డుకోవాల్సిన ఇంగ్లీషు నౌకాదళం సంగతి కొలంబోలో తేలిపోయింది. 5న కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ అని రెండు పెద్ద యుద్ధనౌకలు మునిగాయి, 9న ట్రింకోమలీ మీద దాడి చేసిన రోజే హెర్మిస్ అనే విమానవాహక నౌక 300 మందికి పైగా మనుషులతో మునిగిపోయింది. అదే వారంలో ఒజావా అనే అడ్మిరల్ ఇంకో దళంతో బంగాళాఖాతంలోకి వచ్చి 20కి పైగా సరుకు ఓడల్ని ముంచేశాడు. విశాఖ, కాకినాడల మీదికి వచ్చిన విమానాలు ఆ దళంలోని ర్యూజో అనే నౌక మీంచి లేచినవే. వాళ్ళ ఉద్దేశం మన గడ్డ మీద దిగడం కాదు, ఓడల రాకపోకలు ఆపడం. రేవు ఉన్న ఊళ్ళనే కొట్టారు. నెల్లూరు తీరంలో అప్పుడు చెప్పుకోదగ్గ హార్బరు లేదు, కృష్ణపట్నం ఈనాటి కృష్ణపట్నం కాదు, అదే మనల్ని కాపాడింది.

ఇవన్నీ ఇప్పుడు పుస్తకం తిరగేస్తే తెలుస్తాయి. అప్పటి జనానికి ఎలా తెలుస్తుంది? పేపర్ల మీద సెన్సారు, రేడియో ఊరికొకటి ఉంటే గొప్ప. కాబట్టి పుకారే వార్త. జపాన్ ఓడలు మద్రాసు వైపు వస్తున్నాయని పుట్టింది, దాన్ని ప్రభుత్వమే నమ్మింది. అత్యవసరమైన పని లేనివాళ్ళు ఊరు వదిలి వెళ్ళండని చెప్పింది. ఆఫీసులు లోపలి ఊళ్ళకి మార్చారు. సెంట్రల్ స్టేషన్ దగ్గర రిప్పన్ బిల్డింగ్ వెనక అప్పట్లో జూ ఉండేది, బాంబు పడితే బోనులు బద్దలై జంతువులు ఊరి మీద పడతాయని మలబార్ స్పెషల్ పోలీసుల్ని పిలిపించి సింహాల్ని, పులుల్ని, చిరుతల్ని కాల్పించేశారు. ఒక్క బాంబు కూడా పడని ఊళ్ళో జరిగింది ఇది! మద్రాసు మీదికి జపాన్ విమానం ఒకటి వచ్చి బాంబులేసింది ఏడాదిన్నర తర్వాత, 1943 అక్టోబరులో. అప్పటికి భయం పోయి జనం తిరిగి వచ్చి ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోయారు.

మద్రాసు నుంచి ఉత్తరానికి వచ్చే రైలు ఏది వచ్చినా గూడూరు, నెల్లూరు, కావలి, ఒంగోలు మీదుగానే రావాలి. రోడ్డు మీద వస్తే ట్రంకు రోడ్డు, అదీ మన ఊళ్ళ మీదుగానే. మద్రాసులో హోటళ్ళలో, ప్రెస్సుల్లో, సినిమా కంపెనీల్లో, కొట్లల్లో పనిచేసే మనవాళ్ళు ఎంతమందో, వాళ్ళందరూ పిల్లాజెల్లాతో సొంతూళ్ళకి దిగబడ్డారు. మా నాయనమ్మ వాళ్ళు అప్పుడు నెల్లూరు మూలపేటలో ఉండేవాళ్ళు. యుద్ధం అంటే ఆవిడకి తెలిసిందల్లా వంట. చెన్నపట్నం నుంచి దూరపు చుట్టాలు, వాళ్ళ పక్కింటి వాళ్ళు కూడా వచ్చి వరండాలో, పెరట్లో, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పడుకున్నారనీ, ఆ ఎండల్లో పొయ్యి దగ్గర నిలబడలేక చచ్చిపోయాననీ చెప్పేది, జపానోడిని తిట్టిందో చుట్టాల్ని తిట్టిందో మాకు అర్థమయ్యేది కాదు. మళ్ళీ నెల్లూరు కూడా సముద్రానికి దగ్గరేనని టెన్షన్ పుట్టి కొందరు ఆత్మకూరు, ఉదయగిరి వైపు వెళ్ళిపోయారట. ఇట్లాంటివి ఏ పుస్తకంలో ఉంటాయి చెప్పండి. మీ పేపర్లో కూడా లేకపోతే ఇంకెక్కడా ఉండవు.

గూడూరు సంగతి విడిగా చెప్పాలి. గూడూరు, సైదాపురం, రాపూరు చుట్టుపక్కల మైకా గనులు, మన వాళ్ళ భాషలో కాకిబంగారం. ఆ రోజుల్లో రేడియో సెట్లో కండెన్సర్ కావాలన్నా, విమానం ఇంజన్లో స్పార్క్ ప్లగ్ కావాలన్నా మైకా ఉండాల్సిందే, వేడికి తట్టుకుంటుంది, కరెంటుని దాటనివ్వదు, ఎంత పలచగా కావాలంటే అంత పలచగా పొరలుగా చీలుతుంది. దానికి బదులు వాడే వస్తువు అప్పటికి సరైనది లేదు. ప్రపంచంలో మంచి రేకు మైకా ఎక్కువగా దొరికేది మన దేశంలోనే, అటు బీహారులో, ఇటు నెల్లూరులో. అందుకే బ్రిటన్, అమెరికా కలిసి ఇక్కడ మైకా కొనడానికి జాయింట్ మైకా మిషన్ అని ఒకటి పెట్టుకున్నాయి. ఆ పొరల్ని చీల్చి అంచులు కత్తిరించిన కూలీలు మన పల్లెల ఆడవాళ్ళు, మగవాళ్ళు. బటాన్, మాల్టా గురించి రాసిన చేత్తోనే రెండు లైన్లు గూడూరు గురించి రాస్తే ఆ పేజీ ఎంత బాగుండేది!

ప్రకాశం వైపు వస్తే దొనకొండ ఉంది. యుద్ధకాలంలో ఇంగ్లీషు వాళ్ళు కట్టిన రన్‌వే అక్కడ ఇప్పటికీ ఉంది. ఎన్నికలప్పుడల్లా విమానాశ్రయం వస్తుందంటారు, తర్వాత మర్చిపోతారు, అది వేరే ఉత్తరానికి సరిపోయే సంగతి. అక్కడి పిలకాయల్ని అడిగితే ఆ రన్‌వే ఎందుకు వచ్చిందో చెప్పలేరు, తప్పు వాళ్ళది కాదు, ఎవరూ చెప్పలేదు.

రాజకీయాలు కూడా ఆ నెలలోనే ముదిరాయి. మన నాయకులతో ఒప్పందం కోసం బ్రిటన్ పంపిన క్రిప్స్ రాయబారం చెడిపోయి ఆయన ఏప్రిల్ 12న విమానం ఎక్కేశాడు, ఆగస్టులో క్విట్ ఇండియాకి దారి అక్కడే పడింది. 23న రాజాజీ మద్రాసులో కాంగ్రెస్ శాసనసభ్యుల చేత పాకిస్తాన్ కోరికని ఒప్పుకుందామనే తీర్మానం చేయించాడు, తర్వాత అలహాబాదులో ఏఐసీసీ దాన్ని 120కి 15 ఓట్లతో పడగొట్టింది. మన మద్రాసు రాష్ట్రంలో జరిగిన ఇంత గొడవ మీ జాబితాలో లేదు. సరే, చోటు లేదనుకుందాం.

పుట్టినరోజుల దగ్గర మాత్రం చోటు బాగానే దొరికింది. 24న పుట్టిన బార్బ్రా స్ట్రైసాండ్ గారికి ఫోటోతో సహా పావు కాలమ్ ఇచ్చారు. ఆవిడ గొప్ప గాయని, కాదనను. కానీ యుద్ధపు నెలలో పుట్టినవాళ్ళు అన్నప్పుడు నేనైతే జోకెన్ రిండ్‌ని ముందు వేసేవాడిని. డూలిటిల్ టోక్యో మీద బాంబులేసిన 18వ తేదీనే జర్మనీలో మైన్జ్‌లో పుట్టాడు, ఏడాది దాటి మూడు నెలలు కాగానే హాంబర్గ్ మీద పడిన బాంబులకి తల్లీ తండ్రీ పోయారు, ఆస్ట్రియాలో తాత, అమ్మమ్మల దగ్గర పెరిగి కారు రేసుల్లో చేరాడు, 1970లో మోంజాలో ప్రాక్టీసులో కారు గుద్దుకుని చనిపోయాడు. అయినా అప్పటిదాకా సంపాదించిన పాయింట్లని ఎవరూ దాటలేక ఆ ఏడాది ప్రపంచ చాంపియన్ ఆయనే అయ్యాడు, చనిపోయాక ఆ టైటిల్ వచ్చింది ఇంతవరకూ ఆయనొక్కడికే. ఒక పుట్టినరోజులో యుద్ధం అంతా ఉంది చూడండి.

మన వైపు నుంచి చూస్తే బాంబులు పడిన మర్నాడే, 7న, అమృత్‌సర్‌లో జితేంద్ర పుట్టాడు. హిందీ నటుడే అయినా ఆయన్ని ఎనభైల్లో మళ్ళీ నిలబెట్టింది మన తెలుగు వాళ్ళే కదా. ఆ సినిమాలు తీసిన రాఘవేంద్రరావు గారు పుట్టింది కూడా అదే ఏడాది మే 23న. నిర్మాతల్లో ఒకరైన రామానాయుడు గారు కారంచేడు మనిషి, ఆ ఏప్రిల్‌కి ఇంకా ఆరేళ్ళు నిండని పిల్లాడు.

ఇంక పేపర్లో ఎప్పుడూ పడని పుట్టినరోజులు ఉన్నాయి. మన పల్లెల్లో ఆ తరం వాళ్ళకి తేదీ తెలియదు, బళ్ళో వేసినప్పుడు అయ్యవారు జూలై 1 అని రాసేసుకున్నాడు. అసలు లెక్క వేరే ఉండేది. నెల్లూరు గాలివానప్పుడు పుట్టాడంటే 1927, ఉప్పెనప్పుడంటే 1977, కావలి తుఫాను అంటే 1989. అట్లాగే జపాను బాంబులప్పుడు పుట్టానని చెప్పేవాళ్ళు ఇప్పటికీ కొందరు ఉన్నారు. మా పెదనాన్న అట్లాంటి వాడే, పెన్షన్ కాగితాల్లో ఆయన వయసు రెండేళ్ళు ఎక్కువ, దానివల్ల రెండేళ్ళ సర్వీసు పోయిందని జపానోడిని, అయ్యవారిని కలిపి తిట్టేవాడు.

అడిగేది ఏమంటే, వచ్చే ఏప్రిల్‌కి ఆ శీర్షికలో ఒక్కసారి మన తీరం వేయండి. విశాఖ, కాకినాడ పెద్దక్షరాల్లో వేసి, కింద నెల్లూరు, ఒంగోలు, చీరాల, గూడూరు వాళ్ళు చెప్పే సంగతులు వేయండి. దానికి ఇంటర్నెట్లో దొరికే జాబితా సరిపోదు, మీ విలేకర్లు తిరగాలి. ఆ రైళ్ళని కళ్ళారా చూసిన వాళ్ళు ఇప్పుడు తొంభై దాటి ఉంటారు, వచ్చే ఏడాదికి ఎంతమంది ఉంటారో ఆ దేవుడికే తెలుసు. పాత రికార్డులు వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోమనండి. 1942లో ప్రకాశం జిల్లా లేదు, అది 1970లో వచ్చింది. కాబట్టి ఒంగోలు, చీరాల సంగతులు గుంటూరు జిల్లా ఫైళ్ళలో ఉంటాయి, కందుకూరు, కనిగిరి, పొదిలి సంగతులు నెల్లూరు ఫైళ్ళలో ఉంటాయి, మార్కాపురం అయితే కర్నూలు. ఇది తెలియక ఒంగోలు కలెక్టరాఫీసులో వెతికి ఏమీ లేదని తిరిగి వచ్చేస్తారు.

మీ విలేకరి కావలి వస్తానంటే ఇక్కడి నుంచి ఉలవపాడు దాకా నాకు తెలిసిన పెద్దవాళ్ళ ఇళ్ళకి నేనే తీసుకెళ్తాను. పొద్దున్నే రావాలి. పది దాటితే వాళ్ళు భోంచేసి పడుకుంటారు, మళ్ళీ సాయంత్రం దాకా లేవరు, సాయంత్రం టీవీ ముందు కూర్చున్నాక ఎవరు పిలిచినా పలకరు.

ఇట్లు,
మీ పాత చందాదారు,
కావలి, నెల్లూరు జిల్లా