సర్వర్ అందలేదంటే ఎవరిని అడగాలి?

సంపాదకులకు నమస్కారం.

నేను ఆదోనిలోని ఒక జిన్నింగ్ మిల్లులో చాలా ఏళ్లుగా లెక్కలు చూస్తున్నాను. పత్తి సీజనులో యార్డులో వేలం మొదలయ్యేలోపు నిన్నటి కొనుగోళ్లు, క్వింటాలుకు పడిన సగటు ధర, బేళ్ల నిల్వ, కమీషన్ ఏజెంట్లకు చెల్లించాల్సిన బాకీ, అన్నీ ఒక్క రిపోర్టుగా మా యజమాని ముందుండాలి. ఇదివరకు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని కాగితం మీద నేను చేసిన ఈ పనిని, మూడేళ్ల కిందట కొన్న సాఫ్ట్‌వేర్ ఇప్పుడు రెండు నిమిషాల్లో చేస్తోంది. అయితే అది సర్వర్ (లెక్కలన్నీ దాచి ఉంచే కంప్యూటర్) అందిన రోజు మాట. అందని రోజున తెరపై ‘సర్వర్‌కు కనెక్ట్ కాలేకపోయాం’ అన్న ఒక్క వాక్యం తప్ప మరేమీ కనిపించదు.

కిందటి సీజనులో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. పొద్దున చూస్తే రిపోర్టు తెరుచుకోలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మిన సంస్థకు ఫోన్ చేస్తే నెట్ సమస్య అన్నారు. నెట్ ఇచ్చినవారు వచ్చి, సెల్‌ఫోన్‌లో వీడియో ఆడించి చూపి, సాఫ్ట్‌వేర్ సమస్య అని వెళ్లిపోయారు. ఈ ఇద్దరి మధ్య రెండు రోజులు పోయాయి. ఆ రెండు రోజులూ యజమాని నా పాత ఖాతా పుస్తకాలు దింపించి వాటిని చూసే ధర నిర్ణయించారు (నాకు లోలోపల కాస్త సంతోషం కలిగిన మాట నిజమే). అసలు మా రిపోర్టుకు ఇంటర్నెట్‌తో పనే లేదు, సర్వర్ మా ఆఫీసు గదిలోనే బీరువా పక్కన ఉంది. మూడో రోజు, పాలిటెక్నిక్ చదివిన మా కాటా గుమాస్తా కొడుకు వచ్చి ఆ యంత్రం ఐపీ అడ్రసు (నెట్‌వర్కులో దాన్ని గుర్తించే అంకెల చిరునామా) చూశాడు. సాఫ్ట్‌వేర్‌లో రాసి ఉన్నది 192.168.1.10 కాగా, కరెంటు వచ్చాక రౌటర్ (ఆఫీసు కంప్యూటర్లను కలిపి అడ్రసులిచ్చే పెట్టె) దానికి కొత్తగా ఇచ్చింది 192.168.1.14. రౌటర్‌లో పాత అడ్రసునే ఆ యంత్రానికి ఖాయం చేసి, పది నిమిషాల్లో పని ముగించి వెళ్లాడు.

ఆ ఒక్క వాక్యం వెనుక ఎన్ని వేర్వేరు కారణాలు ఉండవచ్చో నాకు ఆ తర్వాతే అర్థమైంది. ఒకసారి సర్వర్ పింగ్‌కు (ఉన్నావా అని నెట్‌వర్కులో పలకరించే పరీక్షకు) చక్కగా బదులిచ్చినా రిపోర్టు మాత్రం రాలేదు. మా డేటా ఉన్నది ఆ యంత్రంలో నడిచే మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే ప్రోగ్రాంలో. అది మామూలుగా 1433 పోర్టులో (ఒక్కో ప్రోగ్రాంకు ఉండే నంబరు వేసిన ద్వారంలో) పనిచేస్తుంది. రిపోర్టు తెరిచే కంప్యూటర్ నుంచే (సర్వర్ ముందు కూర్చుని కాదు) పవర్‌షెల్‌లో (విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే తెరలో) ‘టెస్ట్-నెట్‌కనెక్షన్’ ఆదేశానికి సర్వర్ పేరు, పోర్టు నంబరు ఇచ్చి చూస్తే, పోర్టు మూసి ఉందని తేలింది. రౌటర్ మార్చాక విండోస్ మా నెట్‌వర్కును ‘పబ్లిక్’, అంటే బయటివారూ వాడేది, అని లెక్క వేసుకుంది. ఫైర్‌వాల్‌లో (అనుమతి లేని కనెక్షన్లను ఆపే కాపలా ప్రోగ్రాంలో) మేమిచ్చిన అనుమతి ‘ప్రైవేట్’కు మాత్రమే ఉంది.

అనంతపురంలో వేరుశనగ నూనె మిల్లు లెక్కలు చూసే నా మిత్రుడికి తెరపై 18456 అన్న సంఖ్య వచ్చింది. ఆయన రౌటర్ మార్పించారు, కేబుల్ కూడా మార్పించారు. ఆ సంఖ్య కనిపించిందంటే అడిగినది సర్వర్ దాకా చేరిందనీ, లాగిన్‌ను మాత్రం సర్వర్ ఒప్పుకోలేదనీ అర్థం. అసలు కారణాన్ని భద్రత కోసం వాడుకరికి చూపకుండా, సర్వర్ లాగ్‌లో ‘స్టేట్’ అనే సంఖ్యగా రాసిపెడుతుంది. అది 5 అయితే ఆ పేరుతో ఖాతా లేదని, 8 అయితే పాస్‌వర్డ్ తప్పని. ఆయనకు వచ్చింది 8.

పవర్ బీఐ (మైక్రోసాఫ్ట్ వారి రిపోర్టుల సాఫ్ట్‌వేర్) వాడేవారి చిక్కు వేరు. ఆఫీసు డేటాను ఆన్‌లైన్ రిపోర్టుకు చేరవేసే గేట్‌వే అనే ప్రోగ్రాంను ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే, సాయంత్రం మూత వేసి ఇంటికి పోగానే రిఫ్రెష్ (రిపోర్టులోకి కొత్త లెక్కలు రావడం) ఆగిపోతుంది.

నాకు అన్నిటికన్నా అభ్యంతరకరంగా తోచేది, ఫోన్‌లో సలహా చెప్పేవారు మొట్టమొదటే ‘ఫైర్‌వాల్ ఆపేయండి’ అనడం. పని అయ్యాక తిరిగి వేయమని ఎవరూ చెప్పరు. కావలసిందల్లా ఆ ఒక్క పోర్టుకు, అదీ ఆఫీసులోని కంప్యూటర్లకు మాత్రమే, అనుమతి ఇవ్వడం. రౌటర్‌లో 1433ను బయటి ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టి, సర్వాధికారాలూ ఉండే ‘ఎస్ఏ’ ఖాతా పాస్‌వర్డును గుమాస్తాలందరికీ పంచిన ఆఫీసును నేను మా ఊళ్లోనే చూశాను. ఎవరికి ఎంత బాకీయో తెలిపే చిట్టా అంతా ఆ సర్వర్‌లోనే ఉంది.

హైదరాబాదు నుంచి ప్రతిసారీ మనిషిని పంపమని నేను కోరడం లేదు. ఇన్‌స్టాల్ చేసిన రోజే అమ్మకందారు తెలుగులో ఒక్క కాగితం రాసివ్వాలి. సర్వర్ పేరు, ఖాయం చేసిన అడ్రసు, పోర్టు, సర్వర్‌లో ఎప్పుడూ నడుస్తూ ఉండాల్సిన సర్వీసు (తెర వెనుక పనిచేసే ప్రోగ్రాం), రిపోర్టు ఏ ఖాతాతో లాగిన్ అవుతుందో, దాని పాస్‌వర్డ్ గడువు ఎప్పుడు తీరుతుందో అందులో ఉంటే చాలు. పాస్‌వర్డ్ మాత్రం ఆ కాగితంపై వద్దు, దాని చోటు బీరువా. ఆ కాగితం అందేదాకా కొన్నవారు చివరి వాయిదా చెల్లించకుండా ఆపుకోవడం న్యాయమే. ఈసారి ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) డబ్బుకు వచ్చిన ప్రతినిధిని నేను అదే అడిగాను. వారంలో పంపుతానని చెప్పి వెళ్లాడు. చెక్కు నా సొరుగులోనే ఉంది, సీజనుకు ఇంకా నెల రోజుల వ్యవధి ఉంది.

ఇట్లు,
ఒక జిన్నింగ్ మిల్లు అకౌంటెంటు,
ఆదోని, కర్నూలు జిల్లా