నాగార్జునకొండ ట్రిప్పులో ఇకపై మారేవి, మారనివి

మన బస్సులో ఏటా సాగర్ వచ్చే అందరికీ నమస్కారం. భాద్రపదంలో వెళ్ళిన ఆదివారం ట్రిప్పు, జలాశయం మధ్య లాంచీలో వెళ్ళి చూడాల్సిన నాగార్జునకొండ చూడకుండానే తిరిగొచ్చింది. ఆ సంగతి నరసరావుపేటలో ఇప్పటికే నాలుగు రకాలుగా తిరుగుతోంది. బస్సు చెడిపోయిందని ఒకరు, నేను లాంచీ టికెట్ల డబ్బు మిగుల్చుకున్నానని ఇంకొకరు. బస్సుకు ఏమీ కాలేదు. మా ఆయన దాన్ని ఎలా చూసుకుంటారో ఎక్కినవాళ్ళకు తెలుసు. తేడా వచ్చింది భోజనాల దగ్గర.

మనకు పులిహోర, దద్దోజనం చేసి ఇచ్చే వంటాయన పేరు రాయను. ఇన్నేళ్ళూ అన్నయ్యా అనే పిలిచాను. పార్సిళ్ళు తెల్లవారుజామున అయిదింటికి బస్సు దగ్గరికి రావాలి. ఆరు దాటినా రాలేదు, ఫోను ఎత్తలేదు. ఇంటికి వెళ్ళి చూస్తే ముందురోజు రాత్రి పెళ్ళి వంట గుండిగలు కడుగుతున్నారు. మన బియ్యానికి అప్పుడే ఎసరు పెట్టారు. "పెళ్ళివాళ్ళది పెద్ద ఆర్డరు కదమ్మా, మీరు మనవాళ్ళే కదా అని" అన్నారు. మనవాళ్ళం కాబట్టి ఆగాలట!

అంతటితో పోయినా సరిపెట్టుకునేదాన్ని. పులిహోర అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పరిచి, నూనె, పసుపు కలిపి, ఆరాక పులుసు పట్టించాలి. ఇది ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఆయన తొందరలో పొగలు కక్కే అన్నాన్నే డబ్బాల్లో కుక్కి మూతలు బిగించారు. మధ్యాహ్నం మూత తీస్తే లోపలి ఆవిరి నీళ్ళయి అన్నం మీదికి కారి ఉంది. పుల్లటి వాసన వచ్చింది, అది చింతపండు వాసన కాదు. దద్దోజనం మరీ అన్యాయం. ప్రయాణానికైతే అన్నంలో కాచిన పాలు పోసి, తోడుకు రెండు గరిటెల పెరుగు వేస్తే తినేవేళకు కమ్మగా ఉంటుంది. ఈయన మొత్తం పెరుగే పోశారు. అంతా పారబోసి, పిల్లలకు అరటిపళ్ళు, బన్నులు కొని పెట్టాను.

ఇక లాంచీ సంగతి. మేము విజయపురి సౌత్ రేవు చేరేసరికి పొద్దుటి లాంచీ వెళ్ళిపోయింది. తరువాతి దానికి కూర్చున్నాం. ఈలోగా జలాశయం మీద గాలి లేచింది, లాంచీలు ఆపేశారు. అది రేవువాళ్ళ తప్పు కాదు. అప్పుడు ఒక చేపల మరపడవ ఆయన వచ్చి, రెండు విడతలుగా కొండకు దించి తీసుకొస్తానన్నారు. పడవలో ఒక్క లైఫ్ జాకెట్ కూడా లేదు.

మనవాళ్ళలో సగం మంది వెళ్దామన్నారు. నేను వద్దన్నాను. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి ఏం జరిగిందో అందరం టీవీలో చూశాం. అది పెద్ద బోటే కదా. అయినా ఆ మాట అనడం నాకు తేలిక కాలేదు. మాతో వచ్చిన ఒక చరిత్ర మాస్టారు ఉద్యోగమంతా ఆ లోయ నుంచే రాజ్యమేలిన ఇక్ష్వాకుల పాఠం చెప్పారు, కొండ మాత్రం చూడలేదు. మోకాళ్ళ నొప్పితో బయలుదేరి వచ్చారు. ఆయన గొడుగు ముడుచుకుని గట్టు మీద కూర్చున్నారు, ఏమీ అనలేదు. ఆయన ఒక్క మాట అడిగి ఉంటే మెత్తబడేదాన్నేమో. వెనక నుంచి ఎవరో "ఆడవాళ్ళు నడిపే ట్రిప్పు ఇలాగే ఉంటుంది" అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు. వారికి కూడా భోజనం, లాంచీ, మ్యూజియం డబ్బు అక్కడే లెక్కపెట్టి ఇచ్చాను. బస్సు డబ్బు ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను. బస్సు తిరిగింది, పాత కట్టడాలు తిరిగి నిలబెట్టిన అనుపు చూపించాను, దారిలో ఎత్తిపోతల జలపాతం చూపించాను. అనుపులో రంగస్థలం మెట్ల మీద పిల్లలు చప్పట్లు కొట్టి ప్రతిధ్వని వింటూ కదలనే లేదు.

కార్తీకం ట్రిప్పుల నుంచి వంట మా ఇంట్లోనే. నేనూ, మా తోడికోడలూ చేస్తాం. మనిషికి 60 రూపాయలు పెరుగుతుంది. ఆ వంటాయన మళ్ళీ కబురు పంపారు, తగ్గించి ఇస్తానన్నారు. ఆయన పులిహోరలో పోపు నాకంటే బాగుంటుంది, ఒప్పుకుంటాను. అయినా వద్దన్నాను.

బస్సు నాలుగున్నరకు కదులుతుంది, ఎవరి కోసమూ ఆగదు. మాచర్ల దాటాక ముందుగా ఎత్తిపోతల దగ్గర ఆగే అలవాటు మానేస్తున్నాం. వెలుగు ఉంటే తిరుగు ప్రయాణంలో చూస్తాం. దీనికి కొందరు అలిగారు. కానీ కొండ మీద లాంచీవాళ్ళు ఇచ్చే సమయమే కొంచెం. 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, నీళ్ళు రాకముందే పైకి చేర్చి తిరిగి నిలబెట్టిన కట్టడాలవి. మ్యూజియంలో నిలువెత్తు బుద్ధుడి ముందు నిలబడకుండా, స్నానఘట్టం మెట్లు చూడకుండా చెట్టు కింద డబ్బాలు విప్పడానికైతే లాంచీ దేనికి? ముందు మ్యూజియం, తరువాతే అన్నం. ఆ శిల్పాలు మన పల్నాటి సున్నపురాయే. పిడుగురాళ్ళ దాటేటప్పుడు సున్నపు బట్టీలు చూసి ముక్కు మూసుకునేవాళ్ళు కాస్త గుర్తుపెట్టుకోండి.

శుక్రవారం ట్రిప్పు అడగవద్దు, మ్యూజియానికి సెలవు. గాలి లేచి లాంచీ ఆగితే లాంచీ, మ్యూజియం డబ్బు వెనక్కి ఇస్తాను. మరపడవ మాట మాత్రం నా దగ్గర ఎత్తవద్దు.

మాస్టారికి కార్తీకంలో డ్రైవరు వెనక సీటు ఉంచాను. ఆయన డబ్బు కడతానని పట్టుబడుతున్నారు, మేము ఇంకా వాదించుకుంటున్నాం. మిగతావాళ్ళు పేర్లు గురువారంలోగా చెప్పండి. ఇంగువ పడనివాళ్ళు కూడా అప్పుడే చెప్పాలి. బస్సు ఎక్కాక చెబితే నేను చేయగలిగింది ఏమీ లేదు.